రెండు పేజీల్లోనూ మన భాష లేదు

2023లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లోకి టోఫెల్ వచ్చింది. మూడో తరగతి నుంచి దానికోసం పీరియడ్లు కేటాయించారు. 2024లో ప్రభుత్వం మారాక అది పోయింది. వచ్చినప్పుడు గొప్ప అన్నవాళ్లూ, పోయినప్పుడు పీడ విరగడైంది అన్నవాళ్లూ ఆ పేరును విప్పి చూసినట్టు నాకు తోచలేదు. టోఫెల్ అంటే ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్చుకున్నవాళ్లకు అది ఎంత వచ్చిందో చూసే పరీక్ష. అమెరికాలో చదువుకోదలచిన, ఇంగ్లీషు ఇంటిభాష కాని వాళ్లకోసం 1964లో మొదలైంది. 'విదేశీ భాషగా' అనే మాట ఆ పేరులోనే ఉంది. అవే బడుల్లో, అవే పిల్లలకు, లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులోనే చెప్పాలని ఉత్తర్వు. అంటే పదిన్నర పీరియడ్‌లో ఇంగ్లీషు విదేశీ భాష, పదకొండుంపావు పీరియడ్‌లో సొంత భాష. మధ్యలో మోగింది ఒక్క గంటే.

ఈ గందరగోళాన్ని ఎవరో ఒక మంత్రి మీదికో, పార్టీ మీదికో నెట్టేయడం తేలిక. కానీ ఇంగ్లీషు మన పిల్లలకు ఏ రకం భాష అన్న ప్రశ్నకు మన రాష్ట్రంలో ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబు చెప్పలేదు. పార్టీలు అడగలేదు. చెప్పాల్సిన మేధావులు కూడా వేరే తగువులో ఉండిపోయారు.

ఆ తగువు సంగతి చూద్దాం. 2019 నవంబరులో జీవో 81 వచ్చింది, ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం అని. ఒకవైపు, తెలుగు చచ్చిపోతోందని సభలు పెట్టారు. ఇంకోవైపు, మీ పిల్లల్ని కాన్వెంటుకు పంపి పేదవాడికి మాత్రం మాతృభాష గొప్పతనం చెబుతారా అని దళిత బహుజన మేధావులు నిలదీశారు. కంచ ఐలయ్య లాంటివాళ్లు చాలా ఏళ్లుగా ఇదే అడుగుతున్నారు. ఆ నిలదీత న్యాయమైనదే. తెలుగు మీడియం గురించి వ్యాసాలు రాసే పెద్దల మనవలు ఏ బస్సెక్కి బడికి వెళ్తున్నారో నక్కపల్లి జంక్షన్‌లో పొద్దున ఎనిమిదింటికి నిలబడితే తెలుస్తుంది. పసుపు బస్సులు వరసగా పోతుంటాయి. పేదవాడికి ఇంగ్లీషు వద్దనే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఈ రెండు పక్షాలూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి. పిల్లవాడి ముందు రెండే భాషలు ఉన్నాయని, అందులో ఒకటి వాడి అమ్మ భాష అని, అది తెలుగని. కువి మాట్లాడే ఇంట్లో పుట్టిన నాకు ఆ చర్చంతా పక్కింటివాళ్ల పొలం గట్టు తగాదాలా వినిపించింది. మన ఊసు లేదు. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రకారం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. ఆ వాక్యంలో మాతృభాష అంటే కువి, సవర, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా కూడా. తెలుగు కోసం వాదించినవాళ్లు ఈ అధికరణాన్ని చూపిస్తారు. అది మొదట ఎవరికోసం రాసిందో మాత్రం చెప్పరు.

ఇక ద్విభాషా పుస్తకాలకు వద్దాం. 2020-21 నుంచి లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఆలోచన మంచిది. కాగితం, బొమ్మలు కూడా మంచివే. ఇంగ్లీషు పేజీ అర్థం కాని పిల్లవాడు ఎదురు పేజీలోకి చూసి అర్థం చేసుకుంటాడని దాని ఉద్దేశం. నక్కపల్లిలో నా క్లాసులో కొంతమందికి అది పనికొస్తోంది కూడా. కొంతమందికే ఎందుకంటే, సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చే మత్స్యకారుల పిల్లల తెలుగుకూ పుస్తకం తెలుగుకూ చాలా దూరం. ఇంగ్లీషు పేజీలో ఫొటోసింథసిస్ అని ఉంటుంది, ఎదురు పేజీలో కిరణజన్య సంయోగక్రియ అని ఉంటుంది. పిల్లవాడు అటు చూసి, ఇటు చూసి, చివరికి నా ముఖం చూస్తాడు.

తెలుగు పిల్లవాడికి కనీసం ఆ పేజీలో మిగతా వాక్యాలు దారి చూపుతాయి. 'ఆకు', 'ఎండ', 'నీరు' అన్న మాటలు పట్టుకుని ఎలాగో నడుస్తాడు. కొండ మీద కువి ఇంటినుంచో, కొటియా ఇంటినుంచో ఒకటో తరగతికి వచ్చిన పిల్లకు ఆ మాటలు కూడా నేర్చుకోవలసినవే. పుస్తకం ఒకరికి ఏరు మీద వంతెన వేసింది, ఇంకొకరికి మొదటి ఏరు పక్కన రెండో ఏరు తవ్వి ఇచ్చింది. ఆ పిల్ల ఇంగ్లీషులో వెనకబడితే మనం రాసే రిపోర్టులో మాత్రం 'ఏజెన్సీ పిల్లలు, గ్రహణశక్తి తక్కువ' అని ఉంటుంది.

నిజానికి కాఫీ తోటల్లో పెరిగిన పిల్లలకు ఆ పాఠం సగం ముందే తెలుసు. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు పిల్లల్ని అడగండి. కాఫీ మొక్కకు నీడ ఎంత ఉండాలో, సిల్వర్ ఓక్ కొమ్మలు ఎప్పుడు నరకాలో, మరీ చీకటైతే కాపు ఎందుకు తగ్గుతుందో చెబుతారు. 'సిల్వర్ ఓక్' ఇంగ్లీషు మాటే. మనవాళ్లు ఆ చెట్టును వేరే పేరుతో పిలవగా నేను వినలేదు. పండు కోస్తే చెర్రీ, తొక్క తీసే యంత్రం పల్పరు, కడిగి ఆరబెట్టిన గింజ పార్చిమెంటు. చదువు రాని అవ్వ కూడా ఈ మాటలు రోజూ వాడుతుంది, తప్పు లేకుండా, చోటు తప్పకుండా. ఇన్ని ఇంగ్లీషు మాటలు చేతులతో నేర్చుకున్న ఇంటినుంచి పిల్ల బడికి వస్తే, మనం గోడ మీద యాపిల్ బొమ్మ చూపించి మొదటినుంచి మొదలుపెడతాం. ఆ చార్టులో ఎక్స్ దగ్గర జైలోఫోన్ ఉంటుంది. నేను ఇన్నేళ్ల సర్వీసులో జైలోఫోన్‌ను చార్టులో తప్ప చూడలేదు.

వానను వెళ్లిపొమ్మనే ఇంగ్లీషు పాట గురించి కూడా చాలామంది రాశారు, పోడు చేసుకునే పిల్లలతో వానను పొమ్మని పాడించడమేమిటని. నాకు ఆ పాట మీద అంత కోపం లేదు. పిల్లలు గెంతుతూ పాడతారు, పాడనివ్వండి. ఏం పాడుతున్నారో వాళ్లకు తెలియకపోవడమే నా బాధ. తెలిస్తే వాళ్లే ఒప్పుకోరు, వానను రమ్మని మార్చి పాడతారు. ఆ మార్చి పాడినదే అసలైన ఇంగ్లీషు పాఠం.

ట్రైనింగులో మాకు ఇంగ్లీషు బోధనా పద్ధతులు చాలా చెప్పారు. నిర్మాణ పద్ధతి, ప్రత్యక్ష పద్ధతి, సంభాషణ పద్ధతి. పిల్లవాడి ఇంటిభాష ఏదో కనుక్కోండి అని మాత్రం ఏ పద్ధతిలోనూ రాలేదు. అది తెలియకపోతే తప్పు ఎక్కడ పుడుతోందో కనబడదు. ఒక ఉదాహరణ. మన పిల్లలు చాలామంది అక్క గురించి ఇంగ్లీషులో చెబుతూ 'షి' అనాల్సిన చోట 'ఇట్' అంటారు. టీచరు ఎర్ర సిరాతో కొట్టేస్తాడు, పిల్లలు నవ్వుతారు. అది తెలివితక్కువతనం కాదు. కువిలో, కొండ భాషలో, గోండిలో ఏకవచనంలో మగవాడికి ఒక సర్వనామం, ఆడమనిషికీ ఆవుకూ రాయికీ కలిపి ఇంకొకటి. తెలుగులో కూడా ఇంట్లో చెల్లెల్ని 'అది వచ్చింది' అనే అంటాం. ఇంగ్లీషులో మాత్రం మూడు గదులు. 'మన భాషలో రెండు గదులు, ఇంగ్లీషులో మూడు, అక్కను మధ్య గదిలో కూర్చోబెట్టాలి' అని వాళ్ల భాషలో ఒకసారి చెబితే చాలు. అయిదు నిమిషాల పని. చెప్పకపోతే పదో తరగతి దాకా ఎర్ర సిరా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఊళ్లో సభకు మేం వెళ్తాం అన్నదానికీ మనం వెళ్దాం అన్నదానికీ తేడా మన భాషల్లో చిన్న పిల్లకు కూడా తెలుసు. ఎదుటివాడు కలిశాడా లేదా అన్నది ఆ ఒక్క మాటలో ఉంటుంది. ఇంగ్లీషులో రెంటికీ 'వి' ఒక్కటే. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఒక పిల్లవాడు, 'అయితే ఇంగ్లీషువాళ్లకు మనల్ని పిలిచారో లేదో ఎలా తెలుస్తుంది సారూ?' అని అడిగాడు. ఇంగ్లీషు ముందు తన భాష తక్కువది కాదని ఆ పిల్లవాడికి నేను విడిగా ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేకపోయింది.

ఈ వ్యాకరణం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో పుస్తకం తెచ్చారు. కువి వ్యాకరణం 1979లో ఎం. ఇజ్రాయెల్ గారిది వచ్చింది. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అంటే మన భాషకూ ఇంగ్లీషుకూ మధ్య దారి పండితులు వేసి పెట్టారు, కానీ అది యూనివర్సిటీ లైబ్రరీలో మొదలై అక్కడే ఆగిపోయింది. ఒకటో తరగతి గది దాకా ఎవరూ పొడిగించలేదు.

వీళ్లందరికన్నా ముందు గిడుగు రామమూర్తి గారు ఉన్నారు. ఏటా ఆగస్టు 29న మన బడుల్లో ఆయన ఫొటోకు దండ వేస్తాం, తెలుగు భాషా దినోత్సవం అని. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం గురించి పిల్లలతో చదివిస్తాం. సవరల మధ్య ఆయన చేసిన పని ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యానికి మించదు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బళ్లు పెట్టారు, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. ఆ కాలంలోనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఈ వైపు వచ్చిన జె.ఎ. యేట్స్, ఇంగ్లీషును మాట్లాడే భాషగా నేర్పాలని పట్టుబట్టేవాడు. బతికున్న ఇంగ్లీషు నేర్పుతూ, తెలుగు మాత్రం ఎవరూ మాట్లాడనిది ఎందుకు నేర్పుతున్నాం అన్న ప్రశ్న అలా రేగింది. ఇంగ్లీషు, వాడుక తెలుగు, సవర, ఈ మూడూ ఒకప్పుడు ఒకే మాష్టారి బల్ల మీద ఉండేవి. తరవాత వచ్చినవాళ్లు రెండింటిని తీసుకుని మూడోదాన్ని బల్ల మీదే వదిలేశారు. వందేళ్ల తరవాత ద్విభాషా పుస్తకంలో కనిపిస్తున్నది ఆ రెండే.

మధ్యలో 2004లో ఒక మంచి ప్రయత్నం జరిగింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా, ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. మన పాటలు, మన కథలు అచ్చులో కనిపించాయి. కానీ దాని లెక్క కూడా ఇంటిభాష నుంచి తెలుగులోకి దాటించడమే. ఇంగ్లీషు పీరియడ్ దాని మానాన అది, తెలుగు మీదుగా నడిచింది. ఆ పథకంలో పెట్టుకున్న మాతృభాషా వలంటీర్లు చాలీచాలని జీతంతో రెన్యూవల్ కోసం ఐటీడీఏ గేటు ముందు కూర్చోవడం చూశాం. ఇంగ్లీషు నేర్పడానికి మనకున్న అసలైన పనిముట్లు వాళ్లే అని ఎవరికీ తట్టలేదు.

'ఇంటిభాష ఎందుకు మాష్టారూ, నేరుగా ఇంగ్లీషే నేర్పండి' అని మన తల్లిదండ్రులే అంటారు. వాళ్ల మాటను నేను కొట్టిపారేయను. మన కుర్రాళ్లు కొందరికి తెలుగు క్లాసుకన్నా ఇంగ్లీషు క్లాసు హాయిగా ఉండడం నేను గమనించాను. తెలుగులో నోరు తెరిస్తే యాస అని నవ్వుతారు. ఇంగ్లీషులో అందరిదీ యాసే, టీచరుతో సహా. కాబట్టి ఇంగ్లీషు మనకు పరాయిదే అయినా అవమానం తక్కువ ఉన్న భాష. ఈ ఆకర్షణ నిజమైనది, దాన్ని గౌరవించాలి. కానీ నేరుగా నేర్పడం అంటూ ఏదీ లేదు. టీచరు ఏదో ఒక భాషలో విడమరిచి చెబుతాడు. ఏజెన్సీలో ఆ భాష ఎప్పుడూ తెలుగే. ఏకలవ్య బడుల్లో ఇప్పుడు అది హిందీ కూడా అవుతోంది. 2023లో కేంద్రం దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టి ఆ బడులకు టీచర్లను తీసుకుంది, హిందీ వచ్చి ఉండాలన్న షరతుతో. ఉత్తరాది నుంచి వచ్చిన ఆ టీచర్లలో శ్రద్ధగా చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మీద నాకేమీ లేదు. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం మూడో ఏరు వచ్చి కలిసింది.

ఇంకో అభ్యంతరం ఉంది, అది దీనికన్నా గట్టిది. ఒక క్లాసులో కువి పిల్లలు, కొటియా పిల్లలు, ఇంట్లో తెలుగే మాట్లాడే భగత, వాల్మీకి పిల్లలు కలిసి ఉంటే టీచరు ఏ భాషలో చెప్పాలి? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాడేరు వైపు సంతల్లో ఆదివాసీ ఒడియా అందరికీ ఉమ్మడిగా పనికొస్తుంది, అది తెలిసిన టీచరు చాలావరకు నెట్టుకు రాగలడు. మిగతాది పిల్లలకే వదిలేయాలి. ఒకే ఇంటిభాష వాళ్లను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంగ్లీషు వాక్యాన్ని వాళ్లలో వాళ్లు తేల్చుకోమనాలి. గోల అవుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు నచ్చదు. అయినా ఆ గోలలో జరిగే పని నిశ్శబ్దంగా పలక మీద దించుకునే పిల్లల దగ్గర జరగదు.

నేను ఎనిమిదో తరగతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్టు పాఠంగా చెబుతాను. దాని మీద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు ఉంటుంది. మొత్తం పొడిని ఒక లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లలు చదివి, ఇంటికెళ్లి ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పి రావాలి. మరుసటి రోజు 'ఏం చెప్పావు?' అని అడుగుతాను. సగం మంది లీటరు దగ్గర ఆగిపోతారు, ఇంట్లో లీటరు గిన్నె లేదు కదా. అప్పుడు నీళ్ల సీసా, చెంబు, గ్లాసు కొలతలు వస్తాయి, లెక్కల పాఠం దానంతట అదే వస్తుంది. ఏ పద్ధతి పుస్తకంలో దీనికి ఏ పేరు ఉందో గానీ, ఇంగ్లీషును విదేశీ భాష అని ఒప్పుకుని మొదలుపెడితే పని ఇలా సాగుతుంది. అది మన సొంత భాష అని నటిస్తే ఈ ప్యాకెట్టు క్లాసులోకి రాదు, వ్యాసరచనలే వస్తాయి.

మన కొండల మీదికి ఇంగ్లీషు మొదట పాఠంగా రాలేదు కూడా. 1882 మద్రాసు ఫారెస్టు చట్టంతో వచ్చింది. తరవాత నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించడానికి మనవాళ్లచేత చేయించిన చాకిరీతో వచ్చింది. ఫారెస్టు, రిజర్వు, గార్డు, కేసు, రోడ్డు. ఇప్పటి మాట ఆర్ఓఎఫ్ఆర్. 'ఆర్ఓఎఫ్ఆర్ పట్టా వచ్చిందా?' అని ముసలివాళ్లు కూడా అడుగుతారు. ఆ నాలుగు అక్షరాలు దేనికి గుర్తో పట్టా చేతిలో ఉన్నవాళ్లలో ఎందరికి తెలుసు? అటవీ హక్కుల గుర్తింపు అని 2006 చట్టం పేరు. అందులో 'హక్కు' ఉంది, 'గుర్తింపు' ఉంది. ప్రభుత్వం ఇచ్చింది కాదు, అంతకుముందే ఉన్నదాన్ని ఒప్పుకున్నది అని అర్థం. ఆ తేడా తెలిసినవాడు ఆఫీసులో నిలబడే తీరు వేరుగా ఉంటుంది. కింద నక్కపల్లి తీరంలో కూడా ఇదే చూస్తున్నాను. బల్క్ డ్రగ్ పార్కు అన్న మాట అక్కడ వలలు అల్లుకునే వాళ్లందరి నోటా ఉంది. బల్క్ అంటే ఏమిటో, అక్కడ పార్కు అనే మాటకు అర్థం ఏమిటో బడి చెప్పదు.

అందుకే ఇంగ్లీషు మనకు వద్దని ఎవరన్నా నేను ఒప్పుకోను. 2020 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోండి, లాక్‌డౌన్ రోజులు. 15న హైకోర్టు జీవో 81ని కొట్టేసింది. సరిగ్గా వారానికి, 22న, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక ఆదివాసీలకే అని 2000లో వచ్చిన జీవో అది. మొదటి తీర్పు మీద రాష్ట్రమంతా మాట్లాడింది, ఇంగ్లీషా తెలుగా అని. రెండోది ఆదివాసీల బాధగా మిగిలిపోయింది. ఈ రెండూ ఒకే విషయం గురించిన తీర్పులని ఎవరైనా అన్నారేమో అని నేను చాలా వెతికాను. పిల్లవాడి ఇంటిభాష తెలిసిన టీచరు క్లాసులో ఉండడానికి ఉన్న ఒకే ఒక్క హామీ జీవో 3. దాన్ని తీసేశాక మీడియం ఏదైనా ఒకటే, ఏరు దాటించేవాడు లేడు. మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు ప్రకటించినప్పుడు ఏజెన్సీలో మన కుర్రాళ్లు రోడ్డెక్కింది ఉద్యోగాల కోసమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ వాళ్ల నినాదాల్లో ఒకటో తరగతి పిల్ల కూడా ఉండాల్సింది. 'మా పిల్లలకు ఇంగ్లీషు రావాలంటే మేమే కావాలి' అని అడిగితే జవాబు చెప్పడం ప్రభుత్వానికి కష్టమయ్యేది.

ఆ జీవో 3 తీర్పు ఇంగ్లీషులో ఉంది. మన బతుకుల్ని మార్చిన ఆ కాగితాన్ని మనలో చాలామంది పేపరువాళ్లు రాసిన నాలుగు తెలుగు వాక్యాల్లోనే చదివాం. సుప్రీంకోర్టు వెబ్‌సైటులో అది అందరికీ అందుబాటులో ఉంది. డీఎడ్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు, డిగ్రీ చదువుతున్నవాళ్లు పదిమంది కలిస్తే వేసవి సెలవుల్లో రోజుకు రెండు పేజీలు చదవొచ్చు. ఒక పక్క ఇంగ్లీషు వాక్యం, దాని ఎదురుగా కువిలో, ఆదివాసీ ఒడియాలో, ఎవరికి ఏది వస్తే అందులో, తెలుగు అక్షరాలతో రాసుకుందాం. కూర్చోవడానికి చింతపల్లి అయినా సరే, నర్సీపట్నం అయినా సరే. డిక్షనరీలు నేను తెస్తాను.